దొంగకు చెప్పిన మాట

కదలొద్దన్నాడు. హాలు మధ్యలో కుర్చీ వేసి, పది నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని, వీలైతే తల కూడా తిప్పకుండా కూర్చోమని చెప్పి, అలారం బిగించే కిష్టప్ప తాను మాత్రం బయట మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఆ పొగ కిటికీలోంచి తిన్నగా వచ్చి ప్రేమల ముక్కులోకే దూరుతోంది, తుమ్ము వస్తే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు మహానుభావుడు. ఎదురుగా మూలన, పైకప్పుకు జానెడు కింద, తెల్లటి డబ్బా. అందులో ఆవగింజంత ఎర్రదీపం. ఎవరైనా కదిలితే అది వెలుగుతుంది, కాసేపటికి సైరన్ కూస్తుంది. పొద్దున్నుంచి అది మూడుసార్లు కూసింది, మూడుసార్లూ ఎందుకు కూసిందో ఎవరికీ తెలియదు. "మీరు కదిలిన్రా, తెర కదిలిందా తెల్వాలె కద అక్కా," అన్నాడు కిష్టప్ప. మరి నేను బయటికి పోతే సరిపోదా అంటే, "దీపం చూసెటోళ్లు ఒకరు లోపల ఉండాలె కద," అన్నాడు. అంటే లోపల ఉండాలి, లేనట్టు ఉండాలి. సరే. గంటలో అయిపోతుందని పదింటికి వచ్చినవాడు, ఇప్పుడు మూడు దాటింది, గోడలకు తొమ్మిది రంధ్రాలు పడ్డాయి, అందులో రెండు పొరపాటువి, ఎర్రటి ఇటుకపొడి గ్యాస్ పొయ్యి దాకా పరుచుకుంది. ఊడ్వాలి. డాబా మీద బట్టలు ఎండి బిగుసుకుపోయి ఉంటాయి, తీయాలి. పాలు కాగబెట్టాలి. హుమ్నాబాద్‌లో రెండింటికి బస్సెక్కానని చెల్లెలు సిద్దమ్మ ఫోన్ చేసింది, ఈపాటికి సగం దూరం దాటి ఉంటుంది, ఇంకో గంటలో ఈ గుమ్మంలో ఉంటుంది. ఆ సంగతి ఈ ఇంట్లో తనకు తప్ప ఎవరికీ తెలియదు. ఎడమ భుజం మీద దురద మొదలైంది. గీరుకుంటే దీపం వెలుగుతుంది. గీరుకోకపోతే ప్రాణం పోతుంది.

దొంగతనం జరిగిన మూడు వారాల తర్వాత ఈ తతంగమంతా. పోయిన నల్లపూసలు తిరిగి రావు, కూతురు పింకి వెండి పట్టీలు రావు, మొగుడు గురునాథ్ వాచీ రాదు, కానీ గంజ్ బజారులో పక్క దుకాణంవాడు తన ఇంటికి పెట్టించుకున్నాడని ఈయనకూ కావాలి. తలుపులకు అయస్కాంతాలట, కిటికీలకు అదురు పట్టే బిళ్లలట, అన్నీ కలిపి ఫోన్‌లో కనిపిస్తాయట, ఎరువుల దుకాణంలో బస్తాల మధ్య కూర్చుని ఇంట్లో ఏ తలుపు తెరుచుకుందో చూసుకుంటాడట. ఇరవై రెండేళ్లుగా ఇంట్లో ఏ తలుపు తెరుచుకుందో చూస్తున్నది ఎవరు? ఆ మాట అడిగితే నవ్వుతాడు. "నువ్వు చూస్తవా? నువ్వు దొంగకు మజ్జిగ తాపించి తోలేటిదానివి." ఆ మాట గంజ్ అంతా తిరిగింది. కూరగాయలామె కూడా నవ్వింది. ఔరాద్ నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసి మరీ నవ్వింది, మజ్జిగలో జీలకర్ర వేశావా వదినా అని అడిగింది.

ఏం తెలుసు వీళ్లకు. ఆ సోమవారం మధ్యాహ్నం జొన్నరొట్టె తడుతోంది. రెండు చేతులకూ పిండి, పెనం మీద ఒక రొట్టె, పీట మీద ఒక రొట్టె, వీపు గుమ్మం వైపు. పన్నెండున్నరకు గేటు చప్పుడైంది. పన్నెండున్నరకు గేటు చప్పుడైతే అది గురునాథే, ఇరవై రెండేళ్లుగా అంతే, వస్తాడు, బీరువా తెరిచి కాగితాలేవో వెతుకుతాడు, మూస్తాడు, అన్నం అంటాడు. బీరువా తలుపు కిర్రుమంది. మజ్జిగ బల్ల మీద పెట్టిన, తాగు, అంది తను, వెనక్కి తిరగకుండానే. గ్లాసు తీసిన చప్పుడు, గుటకల చప్పుడు. ఆ రోజు ఏమైందో ఏమో, పొద్దున్నే సిద్దమ్మ ఫోన్ చేసి ఏడవకుండా మాట్లాడిన తీరు గుండెలో ముల్లులా ఉంది, రొట్టె మీద రొట్టె తడుతూ చెప్పడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ల నుంచో గొంతులో ఉన్న మాట. "ఇగో, నేను చెప్పేదాక నడుమ అందుకోకు. సిద్దమ్మను తీసుకొస్త. రెండు దినాలకు కాదు, ఉండనీకే. అమ్మ పోయింది, అన్న ఇల్లు కిరాయికి ఇచ్చి జహీరాబాద్ పోతాండు, అక్క ఉంది కద పో అంటాండు. అది యాడికి పోతది చెప్పు? మీ భీమ్‌రావ్ ఈడ నాలుగేండ్లు ఉండి చదువుకున్నడు, నేనేమన్నన్నా? మీ గుండమ్మత్త రెండు కండ్ల ఆపరేషన్‌కు వచ్చి వానకాలమంతా ఉన్నది, నేనేమన్నన్నా? నా దిక్కు నుంచి ఒక్క మనిషి, ఒక్క మనిషి ఈ ఇంట్ల ఉండొద్దా?" ఇలా ఎంతసేపో. రొట్టెలు ఆరు అయ్యాయి. వెనక నుంచి ఒక్క మాట అడ్డం రాలేదు. ఆయన అంతసేపు నోరు మూసుకుని వినడం పెళ్లయిన తర్వాత అదే మొదటిసారి అనుకుంది. ఒకసారి చిన్నగా దగ్గు వినబడింది. సిగ్గుపడుతున్నాడనుకుంది. మనసు మెత్తబడిందనుకుంది. తర్వాత అడుగుల చప్పుడు, గేటు చప్పుడు. అన్నం తినకుండా పోయాడేమిటి, బాధపడ్డాడేమో పాపం, అనుకుని, పిండి చేతులతోనే ఫోన్ తీసి సిద్దమ్మకు చేసింది. "మీ బావ ఏమనలే. అంతా విన్నడు, ఒక్క మాట అనలే. నువ్వు రా." అవతల నుంచి సిద్దమ్మ, "బావ దేవుడక్కా," అంది. ఫోన్ పెట్టేసి ముందుగదిలోకి వస్తే బీరువా బార్లా తెరిచి ఉంది, బట్టలు కింద, తలుపు గాలికి ఊగుతోంది, బల్ల మీద ఖాళీ గ్లాసు.

భుజం గీరుకుంది. దీపం వెలిగింది, ఆరింది. సైరన్ కూయలేదు. మరి ఇందాక ఎందుకు కూసినట్టు? తలకాయ.

ఆ గ్లాసును పోలీసులు గుడ్డలో చుట్టి తీసుకుపోయారు, ఇంకా ఇవ్వలేదు, ఆరు గ్లాసుల సెట్టులో అదొకటి. కానిస్టేబుల్ కన్నడలో అడిగాడు, ఏన్ మాతాడిద్రి అమ్మా, ఏం మాట్లాడారు మీరు వాడితో? మనె మాతు, అంది తను, ఇంటి మాటలు. అతను అదే రాసుకున్నాడు. పక్కనే ఉన్న గురునాథ్ అడగలేదు. ఆ రోజూ అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. ఇరవై మంది నవ్వారు, ఒక్కరూ ఏం చెప్పావమ్మా అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండును, ఆ వేడిలో బయటపడి ఉండేది. ఆ రాత్రి చెబుదామనుకుంటే ఆయన పోయిన వాచీ గురించే మాట్లాడాడు, వాళ్ల నాన్నదట. మర్నాడు తాళాలవాణ్ని తెచ్చాడు. తర్వాతి వారం, "సిద్దమ్మ సంగతి" అని నోరు తెరిస్తే, "పండుగకు పిలువు, రెండు దినాలుండి పోతది, ముందు ఈ అలారం సంగతి చూడనీ," అన్నాడు. అంతే. కాదనడు, అదే ఆయన దగ్గర ఉన్న పెద్ద చిక్కు. కాదంటే కొట్లాడొచ్చు. మాట సగంలో పట్టుకుని పక్కన పెట్టేస్తాడు, బస్తా తీసి పక్కన పెట్టినట్టు, ఆ తర్వాత అది అక్కడే ఉంటుంది, దుమ్ము పడుతుంది. మూడు వారాలు ఇట్టే పోయాయి. అక్కడ సిద్దమ్మ గిన్నెలు సర్దుకుంది. మేకను అమ్మేసింది. తను ఫోన్‌లో ఆగమని చెప్పలేకపోయింది, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం, బావ దేవుడన్న దానికి ఏమని చెప్పాలి, నేను చెప్పింది మీ బావకు కాదు, ఎవడో దొంగకు అనా?

తలుపు అయస్కాంతం ఠక్కున విడిపోయింది, ఇల్లు బద్దలైనట్టు సైరన్ అందుకుంది. గుమ్మంలో ఎదురింటి కాశీబాయి, చేతిలో గిన్నెతో, రెండు చెవులూ ఎలా మూసుకోవాలో తెలియక గిన్నెను ఒక చెవికి అదిమి పట్టుకుని నిలబడింది. కిష్టప్ప పరుగున వచ్చి గోడమీది బటన్ల పలక నొక్కాడు, తప్పు నొక్కాడు, మళ్లీ నొక్కాడు, ఆగింది.

"ఏమాయెనే ప్రేమలా, మళ్ల వచ్చిండా వాడు?" అంది కాశీబాయి.

"ఎవడూ రాలే. నువ్వే వచ్చినవు."

"నేనా దొంగను? జర పెరుగు తోడుకు వచ్చిన."

"అక్కా, ఇగ జర ఎవ్వరు రాకున్రి, ఇంకో పది నిమిషాలు," అని కిష్టప్ప బతిమాలాడు. "మొదటికి వచ్చింది, మళ్ల కూసోవాలె మీరు."

కాశీబాయి తోడు తీసుకుని, పోతూ పోతూ, మజ్జిగ అడగడానికి ఎవడూ రాడులే ఇప్పుడు అని ఒక మాట విసిరి, తలుపు దగ్గరగా లాగింది. ప్రేమల మళ్లీ కుర్చీలో కూర్చుంది. మళ్లీ చేతులు ఒళ్లో. ఎదురుగా చిన్న అర్ర తలుపు, దానికి తాళం. భీమ్‌రావ్ చదువుకున్న గది అది. అతను పోయాక ఎరువుల కంపెనీల కేలండర్లు, పాత బోర్డులు, చినిగిన సంచులు. తాళంచెవి గురునాథ్ దగ్గర. ఆ అర్రలో సిద్దమ్మ మంచం ఎక్కడ వేయాలో తను ఎప్పుడో అనుకుంది, కిటికీ పక్కన, కుట్టుకోవడానికి వెలుతురు కావాలి దానికి. కుడికాలు చిన్నప్పుడే పోలియోతో సన్నబడింది, కానీ చేతులు, అబ్బ, ఆ చేతులు. పాత చీరలు తెచ్చి ఇస్తే నాలుగు రోజుల్లో బొంత, ముక్క ముక్కకూ రంగు చూసి అతుకుతుంది. పింకి పుట్టినప్పుడు తనకు కామెర్లు వచ్చి మంచం పడితే ఏడు నెలలు తమ దగ్గరే ఉంది. అప్పుడు తాము వేరే ఇంట్లో పై అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లు, ఇరవై ఒక్క మెట్లు, బిందె చంకన పెట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కేది, దిగేది. పసిగుడ్డు బట్టలు, తన బట్టలు, వంట. గురునాథ్ దాని రొట్టెలు మెచ్చుకుని ఇంకొకటి అడిగి తినేవాడు. పోయేరోజు తనే బస్టాండుకు తీసుకుపోయి, కిటికీ పక్క సీటు కోసం కండక్టర్‌తో కొట్లాడి కూర్చోబెట్టాడు. చెడ్డవాడా? కాదు. అదే కోపం. చెడ్డవాడైతే ఈపాటికి ఏదో ఒకటి తేలిపోయేది. మంచివాడితో మాట పూర్తిచేయడమే కుదరదు, ఆయనకు ఎప్పుడూ తొందరే, ఎప్పుడూ ఎవరో బేరానికి వచ్చి ఉంటారు. లేదా తనదే తప్పేమో. కళ్లలోకి చూసి చెప్పడం చేతకాక వీపు చూపించి చెప్పింది. రొట్టె మీద నెట్టి చెప్పింది. అయినా ఆ దొంగ, వాడికేం పట్టింది, పని అయిపోయాక కూడా ఎందుకు నిలబడ్డాడు? బీరువా చప్పుడు మొదట్లోనే ఆగిపోయింది. తర్వాత ఆరు రొట్టెల సేపు నిలబడ్డాడు. భయపడి నిలబడ్డాడా, కదిలితే తిరిగి చూస్తానని? లేక వాడికీ ఎక్కడో ఒక అక్కో చెల్లెలో ఉందా? ఛీ, దొంగకు అక్కాచెల్లెళ్లను అంటగట్టేదాకా వచ్చింది తన బతుకు.

నెత్తి మీద విమానం పోయింది. శిక్షణ విమానాలు రోజూ పోయేవే, బీదర్‌లో పుట్టిన పిల్లలు ఆ చప్పుడుకు నిద్రలో కూడా ఉలిక్కిపడరు. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. సైరన్.

"దొరికింది!" అని కిష్టప్ప సంతోషంగా లోపలికి వచ్చాడు. "దొరికిందక్కా, తెర కాదు, మీరు కాదు. విమానం. కిటికీ బిళ్ల అదురు పట్టుడు జర తగ్గించాలె, అంతే."

"మరి నన్నెందుకు కూసోబెట్టినవ్ అరగంట నుంచి?"

"మీరు కూసున్నందుకే కద తెలిసింది."

కొట్టాలనిపించింది. అంతలో ఫోన్ మోగింది, గురునాథ్. ఆయన ఫోన్‌లోనూ సైరన్ మోగుతోందట, దుకాణంలో ఉన్న రైతులంతా లేచి నిలబడ్డారట. ఏం చేస్తాండ్రు మీరు ఇంట్ల, ఆ కిష్టప్పకు చెప్పు సరిగ్గా పెట్టమని, నువ్వు కూడా నేర్చుకో, పలక మీద నంబరు కొట్టుడు నేర్చుకో, మళ్ల మళ్ల నన్ను అడగకు, అని ఒకే ఊపిరిలో. "ఒక మాట చెప్పాలె," అంది ప్రేమల. "ఆ చెప్పు... ఏయ్, యూరియా అటు కాదు, ఇటు దించున్రి... చెప్పు చెప్పు... సరే, ఇంటికొచ్చినంక మాట్లాడుదం," అని పెట్టేశాడు. ఫోన్ చేతిలో వెచ్చగా ఉంది. పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని ఉంది తను, పిచ్చిదానిలా.

మళ్లీ మోగింది. సిద్దమ్మ. బస్సు తొందరగా వచ్చిందట, బీదర్ బస్టాండులో దిగిందట, మూటలు రెండు, కుట్టుమిషను ఒకటి, అది దించడానికి ఇద్దరు మనుషులు సాయం పట్టారట. "అక్కా, బావ కోసం ఒక బొంత కుట్టిన, ఈ మూడు వారాలు అదే పని. నీలం అంచు పెట్టిన. బావకు నచ్చుతదా?" తర్వాత గొంతు కొంచెం తగ్గించి, "అక్కా, నువ్వు ఒక్కదానివే పిలిస్తే నేను రాకుంటి. నీ సంసారంల నేనెందుకు అని ఇంకో దిక్కు చూసుకుంటుంటి. బావ విని ఊకున్నడంటె, అందుకే వస్తాన." ప్రేమల గడియారం చూసింది. ఆటో మాట్లాడుకుని రా, కుట్టుమిషను జాగ్రత్త, అంది. అంతకన్నా ఏమనగలదు. బస్టాండు నుంచి పావుగంట. ఆటోవాడు చుట్టూ తిప్పితే ఇరవై నిమిషాలు.

కిష్టప్ప తుడుచుకున్న చేతులతో పలక ముందు నిలబడ్డాడు. ఇక నంబర్లు పెట్టాలట, ఒక్కొక్కరికి నాలుగంకెలు, ఎవరి నంబరు వాళ్లకే, ఎవరు ఎప్పుడు వచ్చారో ఎప్పుడు పోయారో సాబ్ ఫోన్‌లో పేరుతో సహా కనబడుతుందట. "సాబ్ ఇద్దరే అన్నడు. సాబ్‌ది పెట్టిన. మీది చెప్పున్రి."

తనది చెప్పింది, పింకి పుట్టిన తేదీ. అతను కొట్టాడు. పలక కిచకిచమంది.

"మూడోది పెట్టు," అంది.

"పింకమ్మదా? ఆమె సెలవులకు వచ్చినప్పుడు పెడ్తనన్న సాబ్‌తోని."

"పింకిది కాదు. సిద్దమ్మ అని రాయి."

కిష్టప్ప పలక మీది చెయ్యి తీశాడు. అతను టీవీలు, రేడియోలు బాగుచేసిన కాలం నుంచి ఈ ఇంటికి వస్తున్న మనిషి, సిద్దమ్మ ఎవరో తెలుసు. "సాబ్‌ను ఒక మాట అడగాలె కదక్కా. పేరు ఆయన ఫోన్ల కనబడ్తది. రేపు నన్నంటడు."

"నువ్వు అడగకు. నేనే చెప్త."

ఈసారి కూర్చోలేదు. హాలు మధ్యలో నిలబడి, ఆ డబ్బా ఎర్రదీపం వెలుగుతుంటే వెలగనిచ్చి, ఫోన్ చేసింది. ఆయన ఎత్తగానే, మళ్లీ ఏమైంది అన్నాడు. ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "దుకాణంల ఎవరున్నా సరే, బయటికి రా. వచ్చినవా? రాలే, ఇంకా తక్కెడ చప్పుడు వినొస్తాంది. బయటికి రా." కాసేపటికి తక్కెడ చప్పుడు పోయి లారీల చప్పుడు వచ్చింది. "ఆ దినం దొంగతోని నేనేం మాట్లాడిన్నో ఊరంతా నవ్వింది. నువ్వు నవ్వినవు. ఏం మాట్లాడిన్నో అడిగినవా?"

"ఇప్పుడు ఆ ముచ్చట ఏంది..."

"నడుమ అందుకోకు. నువ్వనుకొని చెప్పిన. సిద్దమ్మను తెస్త, ఈడనే ఉంటది అని చెప్పిన. నువ్వు ఏమనలే అనుకొని దానికి రమ్మని ఫోన్ చేసిన. అది వచ్చింది. బస్టాండుల దిగింది, ఆటోల ఉంది."

లారీ హారన్ ఒకటి పొడుగ్గా మోగింది. ఆయన ఏమీ అనలేదు. చాలాసేపు అనలేదు. ఆ మౌనం వినగానే ప్రేమలకు ఒళ్లు మండిపోయింది, ఇదే, సరిగ్గా ఇదే తన కొంప ముంచింది.

"ఊకోకు," అంది. "ఊకుంటె నాకు ఏం తెల్వదు. ఊఁ అను, కాదను, ఏదో ఒకటి నోటితోని అను. నువ్వు కాదంటె నేను దానికి నిజం చెప్త, దాన్ని తీసుకొని నేను ఏడికన్న పోయి రెండు దినాలు ఆలోచించుకుంట. ఊకునుడు మాత్రం వద్దు."

"నన్ను ఒక్క మాట అడగకుండ..."

"అడిగిన. నువ్వు ఇంట్ల లేవు."

మళ్లీ లారీ. ఎవరో ఆయన్ను పిలుస్తున్నారు, సేట్, సేట్ అని. ఆగు, అని ఆయన వాళ్ల మీద గట్టిగా అరిచాడు. తనను ఆగమనకుండా వాళ్లను ఆగమనడం వినబడి ప్రేమల గోడకు చెయ్యి ఆనించింది, తాజా రంధ్రంలోంచి ఇటుకపొడి వేళ్లకు అంటింది.

"ఎన్ని దినాలు?" అన్నాడు చివరికి.

"దినాలు లేవు. ఉంటది."

"నడుచుడు ఎట్లుంది ఇప్పుడు, అట్లనేనా?"

"అట్లనే."

ఆయన గట్టిగా గాలి వదిలాడు. "అర్రల కేలండర్లు, సంచులు ఏడ పెట్టాలె మరి? అన్నీ నేనే మోయాల్నా? నా నడుము సంగతి నీకు తెల్వదా?"

"అంటే ఊఁ అన్నట్టేనా?"

"ఊఁ అంటాన కద! దుకాణం బంద్ చేసి వస్త, తాళంచెవి నా తాన్నే ఉంది. ఒక్కదానివే ఆ బోర్డులు లాగకు, మొలలున్నయ్." పెట్టేశాడు. విసురుగానే పెట్టేశాడు. పెట్టేముందు గొణిగిన మాటలో ముందుగాల చెప్పరాదా అని వినబడింది, దానికి జవాబివ్వడానికి ఇరవై రెండేళ్ల మాటలున్నాయి, ఇప్పుడు వద్దు.

ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు, ఆకలి వేసింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. కిష్టప్ప స్క్రూలు ఏరుకుంటూ, ఏమీ విననివాడిలా, గోడకేసి చూస్తున్నాడు. గేటు దగ్గర ఆటో ఆగింది. ఆటోవాడు కుట్టుమిషను దించలేక తిట్టుకుంటుంటే, సిద్దమ్మ అతనికి ఎక్కడ పట్టుకోవాలో చెబుతోంది. వెంట్రుకలు తెల్లబడ్డాయి దానికి, ఎప్పుడు తెల్లబడ్డాయో. మూట చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి, గోడ మీది పలకను, డబ్బాను, నేల మీది పొడిని చూసి అక్కడే నిలబడిపోయింది.

"చెల్లె, నాలుగంకెలు చెప్పమ్మా, నీకు యాదుండేటివి," అన్నాడు కిష్టప్ప.

"నాకెందుకన్నా? అక్క తీస్తది కద తలుపు."

"నేను బజారుకు పోతె ఎట్లొస్తవు లోపలికి?" అంది ప్రేమల. గొంతు విసుగ్గానే వచ్చింది, పొద్దున్నుంచి ఉన్న విసుగు అంత తొందరగా ఎక్కడికి పోతుంది. "చెప్పు జల్ది. కిష్టప్పకు పొద్దుగూకుతాంది."

సిద్దమ్మ అక్క మొహంలోకి చూసింది, చిన్నప్పుడు అబద్ధం పట్టుకున్నప్పుడు చూసినట్టే. "బావ నిజంగ ఒప్పుకున్నడా అక్కా?"

"ఇప్పుడే ఒప్పుకున్నడు," అంది ప్రేమల. "ఇగో, ఇందాక. గొణుక్కుంట ఒప్పుకున్నడు. మూడు వారాల కింద నేను చెప్పింది ఆయనకు కాదు సిద్దమ్మా. అదంతా చెప్త, కూసోని చెప్త."

సిద్దమ్మ మూట సవరించుకుంది. వెనక్కి, ఆటో వైపు ఒక్కసారి చూసింది. ఆటోవాడు అప్పటికే మిషను గుమ్మం పక్కన దించి బండి తిప్పుతున్నాడు.

"గొణిగితే గొణగనీ," అంది సిద్దమ్మ చివరికి. "నోరు తెరిచి గొణిగిండు కద." మూట కింద పెట్టి, పలక దగ్గరికి వచ్చి, చీర కొంగుకు వేలు తుడుచుకుని, ఏ అంకె ఎక్కడుందో వెతుక్కుంటూ ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టింది.